విరాళాల ఉత్తరం రాయలేకపోయిన రోజులు

రిటైరైన ఏడాదికి మా సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. నా కుర్చీలో కొత్తగా చేరిన కావ్య అనే అమ్మాయి పది రోజులుగా ఒక్క వాక్యం కూడా రాయలేకపోతోందట. “మీకెప్పుడన్న గిట్ల అయిందా మేడం?” అని అడిగింది. అయిందన్నాను. ఎన్ని రోజులు అని అడిగింది. ముప్పై ఎనిమిది రోజులన్నాను. సరే మేడం అని ఫోన్ పెట్టేసింది. ఆ అంకె విని ఆమెకు ధైర్యం వచ్చిందో, ఉన్నది పోయిందో నాకు తెలియలేదు. అందుకని ఆ ముప్పై ఎనిమిది రోజుల సంగతి వివరంగా రాస్తున్నాను. ఆమెలాంటి వాళ్లు ఇంకా చేరుతూనే ఉంటారు కదా.

పని ఏమిటంటే

నా ఉద్యోగం పేరు నాలుగుసార్లు మారింది. పని మారలేదు. మమ్మల్ని ఎన్నడూ చూడని మనుషులకు మా గురించి రాసి, వాళ్ల చేత విరాళం ఇప్పించాలి. మొదట్లో కరపత్రాలు, పోస్టు కవర్లు ఉండేవి. తర్వాత ఈమెయిళ్లు వచ్చాయి. చివరి సంవత్సరాల్లో వాట్సాప్‌లో ఒక ఫోటో, నాలుగు వాక్యాలు. వాక్యాలు తగ్గేకొద్దీ తిప్పలు పెరిగాయి.

మా ఆఫీసు జూలూరుపాడులో, ఎరువుల దుకాణం మీద రెండు గదులు. మేము నడిపేది కాన్పుల ఇల్లు. అది చండ్రుగొండ దాటి లోపలికి పోతే అడవి మొదలయ్యే చోట ఉంటుంది. వాగు అవతల కోయల గుంపులున్నాయి. చిన్న ఊళ్లను అక్కడ గుంపులనే అంటారు. వానాకాలం వాగు వస్తే ఆ గుంపుల నుంచి దవాఖానాకు దారి ఉండదు. అందుకని నెలలు నిండిన ఆడవాళ్లు ముందుగానే వాగు దాటి వచ్చి మా ఇంట్లో ఉంటారు. నొప్పులు మొదలైతే మా జీపు దవాఖానాకు తీసుకుపోతుంది. కాన్పయ్యాక మళ్లీ మా ఇంటికే వచ్చి, వాగు తగ్గినాక వాళ్ల ఇంటికి పోతారు. సంస్థ చేసే పని ఇంతే. ఈ మాత్రం చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మాది ఖమ్మంలో బోర్డులు రాసే కుటుంబం. అబ్బా, అంటే మా నాన్న, నిచ్చెన ఎక్కి కిరాణా షాపులకు, బట్టల షాపులకు పేర్లు రాసేవాడు. ఆయన చెయ్యి ఎక్కడా ఆగడం నేను చూడలేదు. ఏం రాయాలో చీటీ మీద ఉంటుంది, రాయించుకునే మనిషి కింద నిలబడి ఉంటాడు. ఒక అక్షరం తప్పు పోయినా అక్కడికక్కడే చెప్తాడు. నా ఉద్యోగం కూడా అలాగే ఉంటుందనుకుని చేరాను. నేను ఎవరి గురించి రాస్తానో వాళ్లు కింద నిలబడి ఉండరన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ప్రభాకర్ సార్ ఎర్ర పెన్ను

నా మొదటి బాస్ ప్రభాకర్ సార్. ఆయన సూత్రం ఒకటే. “సదివినాయన జేబుల రుమాలు ఎతుక్కోవాలె జరీనా. ఎతుక్కోలేదంటే నువ్వు రాసింది దండగ.”

నేను మొదటిసారి “ఈ నెల ఐదుగురు ఆడవాళ్లు వచ్చారు” అని రాసి చూపించాను. ఆయన ఎర్ర పెన్నుతో ఐదుగురికి ముందు ‘నిరుపేద’ అని చేర్చారు. ఆడవాళ్లకు ముందు ‘అమాయక’ అని చేర్చారు. వచ్చారు అన్నది కొట్టేసి ‘మన వాకిట్లో వాలిపోయారు’ అని రాశారు. వాళ్లు వచ్చింది జీపులో అని చెప్పాను. జీపు మాట వద్దన్నారు.

ప్రభాకర్ సార్ చెడ్డవాడు కాదు. వరద వచ్చిన ఏడాది మందుల సంచీ నెత్తిన పెట్టుకుని నడుము లోతు నీళ్లలో వాగు దాటాడు. ఒక్కనాడూ ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, నన్ను రాయనివ్వలేదు. మనిషి మంచివాడు, రాత మాత్రం నాకు తప్పుగా నేర్పాడు. ఈ రెండూ ఒకే బాస్‌లో ఉండొచ్చని కొత్తవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

ఆయన వెళ్లిపోయిన తర్వాత కూడా నేను అలాగే రాశాను. నా దగ్గర ఒక పది మాటలు ఉండేవి. నిరుపేద, అమాయక, దిక్కులేని, కన్నీటి, చీకటి బతుకు, ఇలాంటివి. వాటిని అటు ఇటు మార్చి వేసేదాన్ని. టీ చల్లారేలోపు ఉత్తరం అయిపోయేది. చేరిన మొదటి పన్నెండేళ్లలో నాకు ఒక్క పూట కూడా రాత ఆగలేదు. దీన్నొక గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఐతమ్మ వచ్చిన రోజు

ఒక చలికాలం మేము కొత్త కరపత్రం వేశాం. మీద ఒక కోయ అమ్మాయి ఫోటో, ఒళ్లో పసిపిల్ల. ఆమె పేరు ఐతమ్మ. మా ఇంట్లో ఉండి వెళ్లిన మనిషే. ఫోటో కింద నేను రాసింది ఇది: ‘దిక్కులేని ఐతమ్మ, చదువు రాని ఐతమ్మ, మీ చేయూత కోసం ఎదురు చూస్తోంది.’ ఫోటో తీసిన రోజు ఆమె ఎదురు చూసింది జీపు కోసం.

ఎండాకాలంలో ఒక సంత రోజు ఆమె ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. వెంట ఆమె భర్త సమ్మయ్య ఉన్నాడు. భద్రాచలంలో ఒక మందుల షాపు బల్ల మీద ఆ కరపత్రం దొరికిందట. నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. మడతలు విప్పి నా టేబుల్ మీద పెట్టింది.

“మేడం, ఇది రాసింది నువ్వేనా?”

అవునన్నాను.

“దిక్కులేనిది అంటే ఎవలు?”

నేను జవాబు చెప్పేలోపు సమ్మయ్య అందుకున్నాడు. “నేనున్న గద. మా అమ్మ ఉన్నది. దీనికి ఇద్దరన్నలున్నరు. నేను సచ్చిపోయిన్నని మీకెవలన్న చెప్పిన్రా?” అతను గొడవకు అడగలేదు. నిజంగానే ఎవరు చెప్పారో తెలుసుకుందామని అడిగాడు.

“సదువు రానిదని గూడ రాసినవ్,” అంది ఐతమ్మ. “నేను ఏడు దాంక సదివిన. దీన్ని మా గుంపుల అందరికి సదివి ఇనిపించింది నేనే.”

నా ఉద్యోగ జీవితంలో పెద్ద తప్పు ఆ కరపత్రం కాదు. ఆ తర్వాత నేను అన్న మాట. “కరపత్రాలల్ల అట్లనే రాస్తరమ్మా, ఏమనుకోకు,” అన్నాను. టీ తెప్పించాను. ఆమె టీ తాగలేదు. కరపత్రాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూట కూడా నేను ఒక ఉత్తరం రాసి పోస్టు చేశాను.

ఆ వానాకాలం ఆ గుంపు నుంచి మా ఇంటికి ఒక్క మనిషి రాలేదు. మా జీపు వెళ్తే, ఎవరూ నెలలు నిండినోళ్లు లేరని చెప్పి పంపించారు. ఉన్నారు. లచ్చమ్మ అని ఒకామె ఉంది. అసలు పేరు అది కాదు, రాయొద్దని ఆమె అడిగింది. వాగు నిండుగా పారుతున్నప్పుడు ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లోనే కాన్పయింది. రక్తం ఆగలేదు. మంచం మీద మోసుకుని, అడవిలో చుట్టు తిరిగే పైదారిన ట్రాక్టరు దాకా తెచ్చారు. ఆమె బతికింది. బిడ్డ బతకలేదు.

ఎందుకు రాలేదని మా నర్సు తర్వాత అడిగితే, గుంపులో వాళ్లు చెప్పిన జవాబు ఆఫీసుకు చేరింది. “ఆడికి పోతే ఫోటో తీస్తరు, దిక్కులేనోళ్లని రాస్తరు.”

ముప్పై ఎనిమిది రోజులు

మా కాన్పుల ఇంటి ఖర్చు చాలా వరకు నగరంలో ఉన్న ఒక దాతల బృందం భరించేది. ఆ వానల తర్వాతి చలికాలంలో వాళ్ల గడువు ముగుస్తోంది. మళ్లీ ఎందుకు ఇవ్వాలో రెండు పేజీల్లో రాయమన్నారు. అది పోతే ఇల్లు మూసుకోవాలి.

నేను కూర్చున్నాను. ‘నిరుపేద’ అని మొదలుపెట్టాను. కొట్టేశాను. ‘అడవి అంచున’ అని మొదలుపెట్టాను. నాకే విసుగొచ్చింది. ‘మాన్యులైన దాతలకు’ అని రాశాను. అది బాగానే ఉంది కానీ తర్వాత ఏమీ రాలేదు. పన్నెండేళ్లు చేతికి అలవాటైన పది మాటల్లో ఒక్కటీ కాగితం మీద నిలబడలేదు.

రాయలేని మనిషి ఊరికే కూర్చోదు. చాలా పని చేస్తుంది. నేను బీరువా సర్దాను. పాత ఫోటోలను ఏళ్ల వారీగా విడదీశాను. కంప్యూటర్‌లో అక్షరాల సైజు పెంచి చూశాను, తగ్గించి చూశాను. ఉత్తరం లేకుండానే కవర్ల మీద అడ్రసులన్నీ రాశాను. కింద ఎరువుల దుకాణం ఆయన బోర్డులో అక్షరదోషం ఉందని చెప్పి, అది దిద్దించాను. ఆఫీసు అంత శుభ్రంగా ముందెప్పుడూ లేదు.

ఇంట్లో మా ఆయనకు తలనొప్పి అని చెప్పాను. తలనొప్పి కాదు. ఏ మాట రాసినా లచ్చమ్మ గుర్తుకొచ్చేది. నేను రాయడం వల్ల ఒక బిడ్డ పోయింది. ఇప్పుడు రాయకపోతే ఇల్లు పోతుంది. ఈ రెండింటి మధ్య నా చెయ్యి కదల్లేదు. భోజనం కూడా సరిగా చేయలేదు.

అప్పటికి మా డైరెక్టర్ డాక్టర్ సులోచన గారు. సర్కారు దవాఖానాలో రిటైరై వచ్చిన మనిషి. ఒకరోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి, ఖాళీ కాగితం చూసి, అడ్రసులు రాసిన కవర్ల కట్ట చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఏమైంది జరీనా?”

“రాయలేకపోతున్నా మేడం. ఏది రాసినా ఐతమ్మ సదువుతున్నట్టే అనిపిస్తున్నది.”

ఆమె ఓదార్చలేదు. “రంగమ్మ చుట్టాల పెళ్లని ఏన్కూరు పోయింది. వారం దాంక రాదు. కాన్పుల ఇంట్ల వంటకు మనిషి లేదు. నువ్వు పో,” అన్నారు.

“నాకు వంట సరిగా రాదు మేడం.”

“రాసుడు గూడ వస్తలేదు గద. ఆడ వాళ్లకు కడుపన్న నిండుతది.”

గొళ్లెం

వాగు తగ్గినా దవాఖానా దూరమని వచ్చిన నలుగురు ఆడవాళ్లు అప్పుడు కాన్పుల ఇంట్లో ఉన్నారు. మొదటి రోజు నేను వండిన అన్నం ముద్దయింది. వాళ్లలో ఒకామె పక్కామెతో కోయలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. ఏందని అడిగాను. “మీ ఇంట్ల వంట ఎవలు చేస్తరని అడుగుతున్నది,” అంది రెండో ఆమె. మా ఆయన అని చెప్పాను. ఆ జవాబుతో ఆ ఇల్లు రెండు రోజులు నవ్వింది. మూడో రోజు నుంచి పప్పు వాళ్లే దగ్గరుండి చేయించారు.

మొదటి సాయంత్రమే ఒకామె వచ్చి, “జర తలుపు పట్టుకుంటవా?” అని అడిగింది. బాత్రూం తలుపు. దానికి లోపల గొళ్లెం లేదు. ఎవరు స్నానానికి పోయినా ఇంకొకరు బయట నిలబడి తలుపు పట్టుకుంటారు. ఎప్పటి నుంచి లేదని అడిగితే, పెట్టిందెప్పుడని తిరిగి అడిగింది. ఆ ఇంటి గురించి నేను పన్నెండేళ్లుగా రాస్తున్నాను. ‘మాతృమూర్తులకు నీడనిచ్చే ఆలయం’ అని కూడా ఒకసారి రాశాను. తలుపు పట్టుకుని నిలబడటం అదే మొదలు.

ఐదో రోజు మధ్యాహ్నం అంట్లు తోమేశాక వాగు దాటి ఐతమ్మ గుంపుకు నడిచాను. చలికాలం, నీళ్లు మడమల దాకానే ఉన్నాయి. ఆమె మిర్చి చేనులో కాయలు ఏరుతోంది. నన్ను చూసి ఆగలేదు.

“మాట్లాడాల్నంటే ఏరుకుంట మాట్లాడు,” అంది.

ఏరాను. వేళ్లు మండుతుంటే మాటలు పొదుపుగా వస్తాయి. “తప్పు రాసిన ఐతమ్మా. నువ్వు అడగనీకె వచ్చిన రోజు ఇంకా తప్పు మాట్లాడిన. లచ్చమ్మ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు రాయనీకె వస్తలేదు.”

ఆమె రెండు చెట్లు ఏరింది. తర్వాత నావైపు చూడకుండానే అంది. “లచ్చక్క పోతనన్నది. మూట గూడ కట్టుకున్నది. పోవద్దని చెప్పింది నేనే.”

సాలు చివరిదాకా ఇద్దరం ఏరాం.

గట్టు మీద కూర్చున్నాక నేను అడిగాను. “ఆ ఇల్లు గురించి నువ్వయితే ఏం రాస్తవు?”

“ఏమున్నది రాయనీకె? అయింది అయినట్టు రాస్తరు. కాయితం ఉన్నదా?”

సంచిలో ఉంది. ఆమె చెప్పింది, నేను రాశాను. మధ్యలో రెండుసార్లు నేను మాట మార్చబోతే, “నేను గట్ల అన్లే,” అని ఆపింది. లచ్చమ్మ విషయం వచ్చినప్పుడు నన్ను లేపి వాళ్లింటికి తీసుకుపోయింది. లచ్చమ్మ గుమ్మంలో కూర్చుని అంతా విని, “పేరు వద్దు. జరిగింది రాసుకోండ్రి,” అంది. అయ్యాక ఉత్తరం ఇలా ఉంది:

‘నా పేరు ఐతమ్మ. మా ఆయన పేరు సమ్మయ్య. మాకు మిర్చి చేను ఉన్నది. నాకు నెలలు నిండినంక వాన పట్టింది. వాగు రాకముందే నేను పోయి కాన్పుల ఇంట్ల కూసున్న. బిడ్డ మంచిగ పుట్టింది. మా గుంపుల ఇంకొకామె పోలేదు. ఆమె బిడ్డ దక్కలేదు. ఆమె ఎందుకు పోలేదంటే మేము వద్దన్నం. మేము ఎందుకు వద్దన్నమంటే ఆ ఇంటోళ్లు మా గురించి తప్పు రాసిన్రు. ఇప్పుడు వచ్చి తప్పు ఒప్పుకున్నరు. ఆ ఇల్లు ఉండాలె. బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు. అది పెట్టియ్యాలె.’

డాక్టర్ గారు రెండుసార్లు చదివారు. కమిటీలో ఒకాయన, సంస్థ పరువు మనమే తీసుకున్నట్టు అవుతుందన్నారు. డాక్టర్ గారు, “ముప్పై ఎనిమిది రోజులకు వచ్చింది ఇదొక్కటే. ఇదే పోతది,” అన్నారు.

దాతలందరికీ పంపాలని అదే ఉత్తరం అచ్చు వేయించాం. ఆ కట్టను పోస్టు చేయకముందే ఐతమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అలా చేయడం అదే మొదటిసారి. ఆమె నిలబడే మొత్తం చదివింది. ఆఫీసులో ఎవరు చదువుతున్నా నాకు అంత భయం వేయలేదు. చదివి, కాగితం భర్తకు ఇచ్చింది.

సమ్మయ్య ఒక పేరు మీద వేలు పెట్టాడు. “సోమయ్య ఎవడు?”

అచ్చులో పేరు తప్పు పడింది. ప్రూఫ్ చూసింది నేనే.

“మొదటిసారి నేను లేను,” అన్నాడు. “ఈసారి ఇంకొకడున్నడు.”

పెన్ను తీసుకుని, ఆ సాయంత్రం కట్ట మొత్తంలో తన పేరు తానే దిద్దాడు. ఐతమ్మ మడతలు పెట్టింది, నేను కవర్లలో పెట్టాను.

నగరంలోని బృందం, మేము మూడేళ్ల సాయం అడిగితే ఒక ఏడాదికి ఒప్పుకుంది. పాత దాతలు ఇద్దరు మానేశారు. ఒకాయన ఇలాంటి ఉత్తరాలు పంపొద్దని రాశారు. ఖమ్మంలో ఇనుప సామాన్ల షాపు నడిపే ఒక పెద్దాయన బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చారు. సంచిలో రెండు గొళ్లాలు, మరలు, స్క్రూడ్రైవర్ ఉన్నాయి. “ఏ తలుపో సూపించండ్రి,” అన్నారు. ఆయనే కూర్చుని బిగించి వెళ్లారు. మా కరపత్రాల చరిత్రలో అడిగిన వస్తువు అడిగినట్టు రావడం అప్పటిదాకా జరగలేదు.

కొత్తవాళ్లకు

రాత ఆగితే ఏం చేయాలంటూ పెద్ద పద్ధతులు చెప్పేవాళ్లున్నారు. పొద్దున్నే లేవమంటారు, పది నిమిషాలు ఏదో ఒకటి రాయమంటారు. చేయండి, నష్టం లేదు. నా అనుభవంలో ఈ పనిలో రాత ఆగడానికి రెండే కారణాలు. ఆ మనుషుల గురించి మనకు ఏమీ తెలియకపోవడం ఒకటి. తెలిసింది దాచిపెట్టి రాయాలనుకోవడం రెండోది. మొదటిదానికి బస్సెక్కాలి. రెండోదానికి ఎవరికి క్షమాపణ చెప్పాలో చూసుకోవాలి.

ఈ మధ్య కావ్య ఫోన్‌లో ఒక యాప్ చూపించింది. నాలుగు ముక్కలు చెప్తే అదే ఉత్తరం రాసిచ్చేస్తుంది. కాన్పుల ఇల్లు అని చెప్పింది. క్షణంలో వచ్చింది. అక్షరదోషం ఒక్కటి లేదు. నిరుపేద ఉంది, అమాయక ఉంది, మూడో వాక్యంలో దిక్కులేని ఉంది. ప్రభాకర్ సార్ మళ్లీ ఉద్యోగంలో చేరినట్టనిపించింది. దాన్ని వాడుకోవద్దని నేను చెప్పను. అది రాసింది తీసుకెళ్లి, ఎవరి గురించి రాశారో ఆమె ముందు నిలబడి చదవమని చెప్పాను. కావ్య వెళ్లింది. ఏమైందో నాకింకా చెప్పలేదు.

ఇంకొకటి. ఎవరి గురించి రాశారో వాళ్లకు చూపించకుండా నేను ఆ తర్వాత ఏదీ పంపలేదు. దీనివల్ల ఉత్తరాలు ఆలస్యమయ్యాయి. వాన పడితే ఇంకా ఆలస్యమయ్యాయి. విరాళాలు పెరిగాయని చెప్పలేను. ఒక ఏడాది తగ్గాయి కూడా.

ఆ వానాకాలం

గొళ్లెం పెట్టిన ఏడాది వానలు ముందే వచ్చాయి. వాగు పొంగడానికి నాలుగు రోజుల ముందు ఐతమ్మ తన గుంపు నుంచి ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మా నర్సుకు ఒక్కొక్కరినీ చూపించి, ఎవరికి ఏ నెలో చెప్పింది. ఇంట్లో గదులు తిరిగి చూసింది. నాతో ఎక్కువ మాట్లాడలేదు. చినుకులు మొదలవుతుంటే మళ్లీ వాగు దాటి వెళ్లిపోయింది.

ముగ్గురిలో చిన్నామెకు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. రెండు రోజుల తర్వాత జీపు వాళ్లను తిరిగి మా ఇంటికి తెచ్చింది. అప్పటికి వాగు చెట్ల మొదళ్లను తాకుతూ పారుతోంది. ఆ శబ్దం వంటింట్లోకి వినపడుతోంది. నేను ఆ వేళ కరపత్రం పని మీద వెళ్లి వరండాలో కూర్చున్నాను. ఒళ్లో కాగితాలున్నాయి.

ఆ అమ్మాయి పిల్లను ఎత్తుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. నన్ను కాసేపు చూసింది.

“నువ్వు నర్సువా?”

కాదన్నాను.

“వండుతవా?”

“లేదు. రంగమ్మ వండుతది.”

“మరి నువ్వేం పని చేస్తవు?”

“రాస్తా.”

ఆమె ఆలోచించింది. “గంతేనా?”

“గంతే.”

“అయితే ఖాళీగనే ఉన్నవ్ గద,” అని పిల్లను నా ఒళ్లో కాగితాల మీద పడుకోబెట్టి, గంజి తాగడానికి లోపలికి వెళ్లింది. రంగమ్మ ఆమెకు రెండోసారి కూడా పోసింది. వెంట వచ్చిన ఇద్దరితో కలిసి ముగ్గురూ లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. పిల్ల నిద్రపోయింది. కాగితాలు తియ్యాలంటే పిల్లను కదిలించాలి. ఆ పూట నేను ఒక్క ముక్క కూడా రాయలేదు.